బొమ్మ వెనక జడపాయ

పద్దెనిమిది వందల తొమ్మిది ఫిబ్రవరిలో ఆ పొట్లం వచ్చిన దగ్గర్నుంచీ థామసిన్ లస్కమ్ కాలు కాలిన పిల్లిలా తిరుగుతోంది. ఆ ఇంగ్లీషు ఊరు ఆష్‌బర్టన్ ఏమంత పెద్దది కాదు. ఒక వీధి ఎక్కి ఇంకో వీధి దిగితే అయిపోతుంది. ఆ కాస్త ఊళ్ళోనే పొద్దున లేచింది మొదలు దీపాలు పెట్టేదాకా ఆవిడ అడుగుల చప్పుడే. కొడుకు పోయిన తల్లి కిటికీలు మూసుకుని, నల్లబట్టలు వేసుకుని, వచ్చినవాళ్ళ ఓదార్పులు కూర్చుని అందుకోవాలి. అది మర్యాద. ఈవిడ నీలం గౌనులో, మెళ్ళో బొమ్మతో, ఎండా వానా చూడకుండా వీధుల వెంట పడింది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి.

పొట్లంలో ఉన్నది ఒక చిన్న ఉత్తరం, రుమాల్లో చుట్టిన కాస్త జుట్టు. స్పెయిన్‌లో కొరున్నా రేవు పక్క కొండ మీద జనవరిలో జరిగిన యుద్ధంలో లెఫ్టినెంట్ గిల్బర్ట్ లస్కమ్ గుండు తగిలి పోయాడనీ, అతని స్నేహితుడు లెఫ్టినెంట్ ఏంబ్రోస్ యో ఆ తల నుంచి కత్తిరించి తెచ్చిన వెంట్రుకలివనీ అందులో ఉంది. రాసింది యో కూడా కాదు. అతను ప్లిమత్ సైనిక ఆసుపత్రిలో పడి ఉంటే, అతని తరఫున వైద్యుడి దగ్గర పనిచేసేవాడెవడో గీకి పడేశాడు.

చదివి థామసిన్ ఏడవలేదు. మెళ్ళో గొలుసుకి ఉన్న బొమ్మ తీసి వెనక్కి తిప్పింది.

అది కోడిగుడ్డంత ఏనుగు దంతపు పలక మీద గీసిన గిల్బర్ట్ బొమ్మ. అంతకు ముందు ఏడాది వసంతంలో సెలవు మీద వచ్చినప్పుడు ఎక్సెటర్‌లో గీయించారు. ఎర్రకోటు, దానికి పసుపు మడతలు, భుజం మీద వెండి కుచ్చు, ఏదో అల్లరి చేసి అప్పుడే వచ్చి కూర్చున్నట్టు పెదవి చివర చిన్న వంకర. జుట్టు మాత్రం తెల్లగా ఉంటుంది. అప్పటికింకా ఆఫీసర్లంతా కొవ్వు పట్టించి, తెల్లపొడి జల్లి, వెనక జడ వేసి నల్ల రిబ్బను కట్టేవాళ్ళు. ఆ వేసవిలో జడలు తీసెయ్యమని సైన్యానికి ఆజ్ఞ వచ్చింది. పేపర్లో ఆ సంగతి చదివిందో లేదో, థామసిన్ అప్పటికే పోర్చుగల్‌లో ఉన్న కొడుక్కి రాసింది, నీ జడ పారెయ్యకు, నాకు పంపించు అని. వాడు పంపించాడు. ఆవిడ దాన్ని ఎక్సెటర్ కంసాలి దగ్గరికి తీసుకెళ్ళి, సన్నగా చాపలా అల్లించి, బొమ్మ వెనక గాజు కింద పెట్టించుకుంది. రాత్రి ప్రార్థన అయ్యాక ముందు బొమ్మకి ఒక ముద్దు, వెనక జుట్టుకి ఒక ముద్దు. తేనె రంగు జుట్టు.

రుమాల్లో వచ్చింది నల్లజుట్టు. నల్లటి ఉంగరం తిరిగిన పొట్టి జుట్టు.

"ఇది మావాడిది కాదు" అంది థామసిన్. అన్నాక మళ్ళీ కూర్చోలేదు.

ఇంట్లో ఆవిడ ఆడపడుచు ఫిలిప్పా ఉంది. పెళ్ళి కాలేదు, అన్నగారు పోయాక కూడా ఆ ఇంట్లోనే ఉండిపోయింది. మనిషి చెడ్డది కాదు గానీ ఊరు ఏమనుకుంటుందో ఊరికంటే ముందే అనుకుంటుంది. పొట్లం వచ్చిన మర్నాటికే నల్లబట్ట తెప్పించి బల్ల మీద పెట్టింది. వదినగారు దాన్ని తీసి కుర్చీ మీద పెట్టేది, ఆడపడుచు మళ్ళీ బల్ల మీదికి చేర్చేది. అలా వారం నడిచింది.

"వదినా, చర్చిలో మనవైపే చూస్తున్నారు. కొడుకు పోతే నీలం గౌనేమిటని."

"పోయినవాడి తల్లిని అడగమను."

"నువ్వు కాదా మరి?"

"ఆ నల్లజుట్టు వాడి తల్లి ఎక్కడుందో. పాపం, దానికింకా తెలీదు. కొడుకు ఉన్నాడనే అనుకుంటోంది."

ఫిలిప్పా నల్లబట్ట మీద నుంచి చెయ్యి తీసేసింది. నిజమే కదా, ఒకవేళ అదే నిజమైతే. ఆ 'ఒకవేళ' అనేది ఆ ఇంట్లో నేల మీద పడ్డ సూదిలా తయారైంది. ఎక్కడుందో కనబడదు, అడుగు వెయ్యాలంటే భయం.

పోనీ బొమ్మ చూసి తేల్చుకుందామంటే, బొమ్మలో ఉన్నది తెల్లపొడి. అంత డబ్బు పోసి గీయిస్తే ముక్కు గీశాడు, కళ్ళు గీశాడు, గడ్డం మీద చిన్నప్పటి గాటు కూడా గీశాడు, తలకి మాత్రం పిండి కొట్టాడు. థామసిన్ ఆ చిత్రకారుణ్ణి నానా మాటలూ తిట్టుకుంది. అతను చేసిన తప్పేమీ లేదు, ఉన్నది ఉన్నట్టు గీశాడు. కోపం వచ్చినప్పుడు ఆవిడకి న్యాయం పట్టదు.

అందుకని ఊరి మీద పడింది. కనబడినవాళ్ళందరినీ ఒకటే ప్రశ్న అడిగేది, మా గిల్ జుట్టు ఏ రంగు అని. పాదిరీగారు కళ్ళు పైకెత్తి, బంగారు రంగమ్మా, దేవదూతలా ఉండేవాడు అన్నారు. ఆయనకి చావు కబురు వింటే చాలు, అందరూ దేవదూతలే. మాంసం కొట్టువాడు గోధుమరంగు అన్నాడు, దూడ తోలు చూపించి మరీ. చిన్నప్పుడు గిల్‌ని పెంచిన జేల్ అనే ముసలి దాది, పేలు గుర్తున్నాయి గానీ జుట్టు గుర్తులేదమ్మా అంది. కిందటి వసంతంలో వాడితో నాలుగు నాట్యాలు చేసిన పిల్ల ఎర్రబడిపోయి, కోటుకి పసుపు మడతలుండేవండీ అంది. మనిషిని అంత దగ్గరగా చూసి మడతలు గుర్తుపెట్టుకుంది. ఈ కాలం పిల్లల చూపులు అలా ఉన్నాయి.

అందరి మీదా విసుక్కుంటూ ఇంటికి వచ్చేది. కానీ అసలు మంట వేరే. ఆవిడకే గుర్తులేదు. పసివాడుగా ఉన్నప్పుడు తెల్లగా, పట్టులా ఉండేది. బడికి వెళ్ళే వయసుకి ముదిరింది. పదహారేళ్ళకి సైన్యంలో చేరాడు, ఆ తర్వాత ఎప్పుడొచ్చినా తెల్లపొడే. కడుపున పుట్టినవాడి జుట్టు రంగు తల్లికి తెలియకపోవడం ఏమిటి? కళ్ళు మూసుకుని వాడి తల తలుచుకునేది. ముందు తేనె రంగు వచ్చేది, ఎందుకంటే రోజూ ముద్దుపెట్టుకునేది దాన్నే. కిందటి వసంతంలో వచ్చినప్పుడైనా చూసి ఉండాల్సింది. కానీ ఆసారి వాడు పొద్దునే గది గడియ వేసుకుని, పొడి జల్లుకుని, జడ కట్టుకుని గానీ తలుపు తీసేవాడు కాదు. నేను దువ్వుతాను రారా అంటే, "అమ్మా, నేనిప్పుడు ఆఫీసర్ని" అని లోపల్నుంచే నవ్వేవాడు. రాత్రి చెవుల మీదికి టోపీ లాక్కుని పడుకునేవాడు. అదంతా పెద్దరికం అనుకుని మురిసిపోయింది.

ఆ పరిస్థితిలో కింగ్స్‌బ్రిడ్జ్ కబురు వచ్చింది. ఆ ఊళ్ళో ఒక సార్జెంటు పోయాడని చెప్పి, ఇంట్లో సంస్మరణ చేసి, వచ్చినవాళ్ళు రొట్టె తిని సారా తాగుతుంటే, ఆ సార్జెంటే గడ్డంతో, చిరిగిన బూట్లతో గుమ్మంలోకి వచ్చి నాకూ ఒక ముక్క పెట్టండి అన్నాడట. నిజమో కాదో ఎవరికి తెలుసు. మునిగేవాడికి గడ్డిపోచ ఆసరా అయితే, థామసిన్‌కి ఏకంగా పడవే దొరికింది. అరగంటలో పెట్టె సర్దేసింది. ప్లిమత్‌లో ఓడల నుంచి దింపిన సైనికులు వందల్లో ఉన్నారట, పేరు చెప్పుకోలేని స్థితిలో ఉన్నవాళ్ళు కూడా ఉన్నారట. ఆ లెఫ్టినెంట్ యో దగ్గరికి వెళ్ళి అడగాలి, ఎవరి తల చూసి ఎవరనుకున్నాడో. తర్వాత ఒక్కో మంచమూ వెతకాలి.

పెట్టెలో ఏం పెడుతోందా అని ఫిలిప్పా తొంగిచూసింది. మెత్తటి ఉన్ని ఫ్లానెల్ గుడ్డ, జాడీలో బాతు కొవ్వు.

ఆ రెండూ చూసి ఫిలిప్పా కుర్చీలో కూలబడి ఏడ్చింది. ఎందుకంటే ఆ ఫ్లానెల్‌కి ఒక కథ ఉంది. గిల్ సైన్యంలో చేరిన కొత్తలో, జలుబు చేసిందని ఉత్తరంలో ఒక ముక్క రాశాడు. అంతే, థామసిన్ బండెక్కి దేశం ఆ చివర కెంట్‌లో ఉన్న బారకాసులకి వెళ్ళిపోయింది. ఆఫీసర్లంతా భోజనాల దగ్గరుంటే, అందరి ముందూ కొడుకు గుండెకి బాతు కొవ్వు రాసి ఫ్లానెల్ చుట్టింది. ఆ తర్వాత మూడేళ్ళ పాటు వాడి పేరు గిల్బర్ట్ కాదు, ఫ్లానెల్ దొర. ఈ సంగతి వాడే నవ్వుతూ చెప్పాడు. నవ్వుతూనే చెప్పాడు గానీ, ఆ తర్వాత వాడి ఉత్తరాల్లో ఒక్క తుమ్ము కూడా రాలేదు.

ప్లిమత్ ఆసుపత్రిలో మంచాల మధ్య మనిషి పట్టేంత సందు లేదు. గంధకం పొగ, వెనిగర్ వాసన. థామసిన్ దారి పొడుగునా ప్రతి మొహంలోకీ వంగి చూస్తూ నడిచింది. నల్లజుట్టు, ఎర్రజుట్టు, గుడ్డ కట్టిన తల, గొరిగిన తల. ఒకతను ఎవరు కావాలమ్మా అంటే, చూస్తే చెప్తాను అంది. కిటికీ పక్క మంచంలో ఒక పొడుగాటి కుర్రాడు ఆవిణ్ణి కాదు, ఆవిడ మెళ్ళో బొమ్మని చూసి లేచి కూర్చున్నాడు.

"గిల్ వాళ్ళమ్మగారా?"

అతనే యో. కుడివైపు దుప్పటి మెడదాకా లాక్కుని ఉన్నాడు. ఆవిడ ముళ్ళ మీద కూర్చున్నట్టు మంచం అంచున కూర్చుంది. ఎలా ఉన్నావు, ఏమిటి అని ఏమీ అడగలేదు. బొమ్మ వెనక్కి తిప్పి చూపించి, పక్కన రుమాలు విప్పింది.

"బాబూ, నిన్ను తప్పు పట్టడానికి రాలేదు. యుద్ధం, మంచు, చీకటి. ఎవరైనా పొరబడతారు. ఇది మావాడి జడ, వాడే పంపించాడు. ఇది నువ్వు పంపింది. ఈ రెండూ ఒక తలవి కావు కదా?"

"కావమ్మా."

ఆ మాట వినగానే ఆవిడ మొహం ఎలా వెలిగిందంటే, యో చూడలేక కిటికీ వైపు తిరిగాడు. అటు తిరిగితే ఆవిడ పెట్టె కనబడింది. మూత పక్కనుంచి ఫ్లానెల్ చివర బయటికి వేలాడుతోంది. ఫ్లానెల్ దొర కథ అతనికీ తెలుసు. ఆవిడ ఎవరి కోసం తెచ్చిందో అర్థమైంది.

"అమ్మగారూ, అప్పుడు చీకటి లేదు. మధ్యాహ్నం. వాడి తల నా ఒళ్ళోనే ఉంది."

"మరి ఈ జుట్టు?"

"నేను పంపిందే వాడి జుట్టు. మీ దగ్గరున్నది సవరం."

థామసిన్‌కి వినబడింది గానీ ఎక్కలేదు. యో నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. బొమ్మ గీయించిన సెలవుకి ముందు చలికాలంలో కెంట్ బారకాసుల్లో విషజ్వరం వచ్చింది. గిల్‌కి గట్టిగా తగిలింది. తల గొరిగేశారు, ఒక దశలో పాదిరీని కూడా పిలిచారు. ఎలాగో బతికి బయటపడ్డాడు. సెలవిచ్చి ఇంటికి పొమ్మంటే, అప్పుడే మొలుస్తున్న పొట్టి జుట్టుతో వెళ్తే మా అమ్మ కనిపెట్టేస్తుంది అని ఒక మంగలి దగ్గర సవరం కొన్నాడు. పైన ఎలాగూ తెల్లపొడే కదా, రంగు ఎవడిక్కావాలి అని చేతికందింది తెచ్చాడు. సంతలో ఎవరో పిల్ల అమ్ముకున్న జుట్టట అది. సైన్యంలో చాలామందికి అలాంటి జడలే ఉండేవి, పెద్ద వింతేమీ కాదు.

"పాదిరీని పిలిచేంత జ్వరమా? నాకు ఒక్క ముక్క రాయలేదే."

యో నేల చూపులు చూశాడు. "మేం రాస్తామన్నాం. వద్దని ఒట్టు వేయించుకున్నాడు."

"ఎందుకూ?"

"'అమ్మకి తెలిస్తే ఫ్లానెల్ పట్టుకుని వచ్చేస్తుంది' అన్నాడు."

పక్క మంచం మీదివాడు దగ్గుతున్నాడు. ఆవిడ వేలాడుతున్న ఫ్లానెల్ చివరని పెట్టెలోకి తోసేసింది.

జడలు తీసెయ్యమన్నప్పుడు అంతా గోలగోలగా కత్తిరించి సముద్రంలో విసిరారట. గిల్‌కి కత్తెరతో పనేముంది, రిబ్బను విప్పితే చాలు, ఊడి చేతిలోకి వచ్చింది. విసరబోతుంటే ఆవిడ ఉత్తరం వచ్చింది, నీ జడ నాకు పంపమని.

"నవ్వాడా?" అని అడిగింది థామసిన్.

"మొదట బాగా నవ్వాడు. తర్వాత బకెట్‌లో నీళ్ళు తెచ్చి, పొడంతా పోయేదాకా తనే కడిగాడు. 'ఇంటికి వెళ్ళాక నేనే చెప్తాను, అప్పుడు ఎంత తిట్టినా ఫరవాలేదు, ఎదురుగా ఉంటాను కదా' అన్నాడు."

థామసిన్ రుమాల్లోని నల్ల ఉంగరాన్ని వేలితో తాకింది. వారం రోజులుగా దాన్ని పరాయి శవం జుట్టులా చూసింది. ఎత్తాల్సొస్తే రెండు వేళ్ళ కొసలతో ఎత్తేది.

"ఇంత నల్లగా ఎలా ఉంది వాడిది?"

"జ్వరం తర్వాత అలా మొలిచింది, నల్లగా, రింగులు తిరిగి. మేం ఏడిపించేవాళ్ళం. వాడు మాత్రం సంబరపడ్డాడమ్మా. 'పెళ్ళినాటికి మా అమ్మది ఇలాగే ఉండేదట, నాన్న చెప్పేవాడు' అన్నాడు."

ఆవిడ చెయ్యి తనంతట తానే టోపీ అంచు కిందికి వెళ్ళింది. అక్కడ ఇప్పుడున్నది నెరిసిన జుట్టు. అయినా రింగులు తిరిగే ఉంది. ఊరందరినీ అడిగింది, దూడ తోలు దాకా చూసింది. తన తల తడుముకోవాలని తోచలేదు. అప్పుడు ఏడ్చింది. చుట్టూ ఎవరున్నారని చూడకుండా, వెర్రిదానిలా ఏడ్చింది. వాడు చనిపోయినందుకు ఏడ్చింది, తనకి చెప్పకుండా చావుదాకా వెళ్ళొచ్చినందుకు ఏడ్చింది. అలా చెప్పుకోలేని తల్లిని అయ్యానే అని అన్నిటికంటే ఎక్కువ ఏడ్చింది. యో ఎడమ చేత్తో ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాడు.

కాస్త తేరుకున్నాక అతని చాకు అడిగి, బొమ్మ వెనక గాజు ఊడదీసింది. తేనె రంగు అల్లిక తీసి, నల్ల ఉంగరం పెట్టి, గాజు నొక్కింది. సరిగ్గా కూర్చోలేదు, కంసాలి చూస్తే నవ్వుతాడు. పక్కనే నిప్పుల కుంపటి ఉంది. తీసిన జుట్టు అందులో వెయ్యబోయి ఆగింది. ఎవరి పిల్లో. నాలుగైదు నెలలుగా రోజూ ముద్దు పెట్టుకుంది. దాని తల్లి కూడా దువ్వే ఉంటుంది. నల్లజుట్టు వచ్చిన రుమాల్లోనే దాన్ని చుట్టి సంచిలో పెట్టుకుంది.

వెళ్ళడానికి లేస్తుంటే యో పిలిచాడు. గొంతు తగ్గించాడు.

"అమ్మగారూ, చిన్న సాయం. మాది బార్న్‌స్టేపుల్. అటువైపు వాళ్ళెవరైనా మీకు కనబడితే నా సంగతి చెప్పకండి. చేతికి దెబ్బ తగిలిందని మా అమ్మకి రాయించాను. అంతవరకే రాయించాను."

అప్పుడు చూసింది ఆవిడ, కుడివైపు దుప్పటి పడి ఉన్న తీరు. భుజం దగ్గర ఎత్తుగా ఉంది. ఆ కింద ఏమీ లేదు. ఉత్తరం అతనే ఎందుకు రాయలేదో ఇప్పుడు తెలిసింది. వచ్చి ఇంతసేపైంది, తన గోలే గానీ ఆ కుర్రాణ్ణి ఎలా ఉన్నావని కూడా అడగలేదు.

"ఎప్పుడు చెప్తావు మరి?"

"కాస్త కోలుకున్నాక. ఇంటికి వెళ్ళాక నేనే చెప్తాను."

థామసిన్ మళ్ళీ కూర్చుంది. పొట్లం వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ ఎక్కడైనా నిలకడగా కూర్చోవడం అదే మొదలు. పక్క మంచం దగ్గరున్న ఆసుపత్రి పనివాణ్ణి కాగితం, కలం అడిగి తీసుకుంది. ఒళ్ళో పెట్టె పెట్టుకుని, దాని మీద కాగితం పరిచింది.

"మీ అమ్మ పేరేమిటి?"

"వద్దమ్మా. ఆవిడ సంగతి మీకు తెలీదు. రాత్రికి రాత్రి బయల్దేరి వచ్చేస్తుంది."

"రానీ."

"ఇంతమంది ముందు నన్ను పట్టుకుని..."

"రానీ నాయనా. ఇంతమందీ చూస్తారు, నవ్వుతారు. నవ్వనీ. పేరు చెప్పు."

యో గోడవైపు తిరిగి పడుకున్నాడు. అటునుంచే, "గ్రేస్" అన్నాడు, "గ్రేస్ యో, వంతెన దగ్గర ఇల్లు."

ఆవిడ రాసింది. దాపరికం లేకుండా, మీ అబ్బాయికి కుడి చెయ్యి తీసేశారు, ప్రాణానికి భయం లేదు, నేను వాడి పక్కనే ఉండి రాస్తున్నాను, బయల్దేరి రండి అని రాసింది. పెద్దగా చదివి వినిపించింది. యో దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు.

థామసిన్ పెట్టె మూత తీసింది. ఫ్లానెల్ గుడ్డ బయటికి లాగి, దులిపి, రెండు మడతలు వేసి అతని గుండె మీద కప్పింది. మెడ దగ్గర అంచులు లోపలికి దోపింది. తర్వాత కలం మళ్ళీ అందుకుని, ఉత్తరం చివర ఇంకో ముక్క చేర్చింది.

"ఫ్లానెల్ మోసుకురాకండి. ఇక్కడుంది."